చార్జి అప్పగింత

నా తర్వాత వచ్చే తమ్ముడా,
నీ పేరు తెలీదు. ఆర్డరు కాగితంలో ‘ఒక మాలి’ అని మాత్రమే ఉంది.
రేపు మొదటి బస్సుకి నేను విశాఖ దిగిపోతున్నాను, కంచరపాలెం.
లంబసింగి గెస్ట్‌హౌస్‌లో నీకు అప్పగిస్తున్నవి ఇవి:
రబ్బరు పైపు ఒకటి, మూడు చోట్ల సైకిలు ట్యూబు కట్టినది.
బొరిగెలు రెండు. పిడి లేని పార.
గడ్డి కోసే మిషను. కోయదు, కొరుకుతుంది.
ఇంకా, ముప్పై అడుగుల వెడల్పు, డెబ్బై పొడవు,
నేల.

నేల అన్నాను కానీ
అది నేల కాదు, గరప.
పార దించితే టంగుమంటుంది.
పైనున్న మంచి మన్ను
బంగళా కట్టిననాడే చదును చేసి లోయలోకి తోసేశారట.
కొండవాళ్ళు అక్కడ వలిసెలు వేస్తారు.
ఆ పసుప్పచ్చటి పూలు చూస్తే నీకే తెలుస్తుంది
మన మన్ను ఎక్కడుందో.

నేను బీచ్ రోడ్డు పార్కులో పని నేర్చుకున్నవాణ్ణి.
అక్కడ శత్రువు ఉప్పుగాలి. సాయంత్రం ఆకు కడిగితే సరి.
ఇక్కడికొచ్చిన మొదటి కార్తీకంలో
అలాగే పొద్దువాలాక దండిగా నీళ్ళు పెట్టాను.
తెల్లారేసరికి గడ్డంతా గాజు.
వారానికి గోనెసంచి రంగు.
నువ్వా తప్పు చేయకు.
పది దాటాక పెట్టు, కొంచెంగా,
చీకటి పడేలోపు ఆరిపోయేలా.

భాద్రపదం దాటితే యూరియా ముట్టుకోకు.
చలి ముందర గడ్డిని లేతగా పెంచడమంటే
పసిపిల్లకి చొక్కా విప్పి వాకిట్లో నిలబెట్టడమే.
గెత్తం వెయ్యి, బాగా మాగినది.
గెమ్మెలి బొంజుబాబు దొడ్లో దొరుకుతుంది.
అడిగినంత ఇచ్చెయ్,
బేరమాడితే రాళ్ళు కలుపుతాడు.
దాంట్లో కాఫీ తొక్కు, పొయ్యి బూడిద చారెడు.
ఏడేళ్ళు వేశాను.
ఏడేళ్ళకి వేలెడు మన్ను తయారైంది.
బొటనవేలు కాదు, చిటికెనవేలు.
దాన్ని నా పేర రాయమని ఎవర్నీ అడగలేను.
నువ్వు మాత్రం ఒకసారి వేలు పెట్టి చూడు.

ధనుర్మాసంలో కోయకు.
పెద్దసార్లు వచ్చి పొడుగైందంటే
మిషను పాడైందని చెప్పు. అబద్ధం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం:
మంచు గడ్డకట్టిన పొద్దున లాను మీద కాలు పెట్టకు,
ఎవర్నీ పెట్టనీకు.
అప్పటికేమీ కనబడదు.
రెండ్రోజులకి, అడుగు పడ్డ చోటల్లా మాడి పైకొస్తుంది.
ఫొటోలకి వచ్చే పట్నం జనాన్ని ఈల ఊది ఆపు.
ఈల వంటగదిలో మేకుకి ఉంది.

నా మూడో ఏట ఒక్కసారి ఆపలేదు.
పుష్యమాసం, తెల్లవారుజాము నాలుగు.
మా చిన్నాలుకి నెల ముందే నొప్పులు మొదలయ్యాయి.
అంబులెన్సు ఘాటు కింద ఎక్కడో మంచులో ఆగిపోయింది.
టార్చి పట్టుకుని గేటు దగ్గర అరిచాను.
కొర్రా సొంబారి వచ్చింది, చెప్పుల్లేకుండా,
బాట చుట్టూ తిరిగి కాదు,
లాను మీంచి, అడ్డంగా, పరుగున.

మూడోనాటికి తేలాయి ఆమె అడుగులు.
ముప్పై నాలుగు. లెక్కపెట్టాను.
మడమ తక్కువ, వేళ్ళు ఎక్కువ,
గేటు నుంచి మా గది దాకా.
ఏఈ గారు జీపు దిగుతూనే ఎవడు తొక్కాడని కేకలేశారు.
దుప్పి అన్నాను.
దుప్పికి అయిదు వేళ్ళుంటాయా అన్నారు.
ఈ కొండల్లో ఉంటాయండి అన్నాను.

ఫాల్గుణంలో వేళ్ళ నుంచి చిగురొచ్చి
ఒక్కొక్కటే పూడిపోయాయి.
గడ్డి బతికిందని మాలి దిగులుపడటం
నీకు నవ్వొస్తుందేమో.
ఆఖరి రెండింటికి మాత్రం
గెత్తం వేయడం కావాలనే ఆలస్యం చేశాను.

పాపకి నాలుగు నిండాయి.
బాట మీద నడవమంటే నడవదు.

తాళాలు సొంబారి ఇంట్లో ఉన్నాయి.
తెచ్చుకోవడానికి వెళ్ళేటప్పుడు
పొద్దెక్కి ఉంటే లాను మీంచే వెళ్ళు,
దగ్గర.

ఇట్లు,
మొల్లి లోవరాజు